ముప్పై ఊపిర్లు

వార్జాజాత్ ఊరి చివర
స్టూడియో ఆయుధాల గది తాళంచెవి
నా మెడలో ఉంటుంది.
"ఇత్తో, కత్తులు!" అని కేకేస్తే చాలు,
ఏవో చెప్పక్కర్లేదు.
కెమెరా దగ్గరైతే ఉక్కు, దూరమైతే అల్యూమినియం,
గుర్రం మీంచి పడేవాడికి
మరీ మెత్తటి రబ్బరు.

ఈసారి కథ పదిహేడు వందల ఇరవైలో.
సలే రేవు ఓడదొంగలు, ఒక గవర్నరు,
పారిపోయిన ఒక పిల్ల.
కాగితం మీద అలా ఉంది.
పెట్టెలు విప్పితే మాత్రం
ఇంకో నూరేళ్ళకి గానీ పుట్టని పిస్తోళ్ళు,
చెకుముకి రాయి ఉండాల్సిన చోట
రాగిటోపీ తొడిగే బుడిపె.
ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ
రెండు శతాబ్దాలు చక్కగా ఇమిడాయి.

చెప్పాను.
"అంత దగ్గరగా ఎవడు చూస్తాడమ్మా?"
దర్శకుడు నవ్వి, నల్లరంగు పూయమన్నాడు.
పూశాను.
రంగుకి కూడా జీతమే.

శబ్దాల కుర్రాడు మాద్రిద్ నుంచి వచ్చాడు.
కత్తి దూస్తే ఖణేల్ మనాలట.
తోలు ఒరలోంచి ఉక్కు వచ్చేటప్పుడు
దుప్పటి లాగినంత చప్పుడేనని
వాడి చెవి పక్కనే దూసి చూపించాను.
కాసేపు వాడు మాట్లాడలేదు.
"ఇదే ఎక్కువ భయంగా ఉంది" అన్నాడు.
సినిమాలో ఖణేల్‌మనే పెట్టాడు, పాపం.

జాయిద్ ఉహ్మాద్‌కి డెబ్బై నాలుగు.
రోజుకి మూడు వందల దిర్హాములు, ఒక పూట భోజనం,
సుల్తాను సేనలో ఎడమ నుంచి నాలుగోవాడు.
తుపాకి మాత్రం అతనిదే.
నా భుజం దాకా వచ్చే గొట్టం,
ఒంటె ఎముక పొదిగిన మడమ,
తాత చెయ్యి పట్టీ పట్టీ
వెండిరేకు అరిగి కర్ర బయటపడ్డ చోటు.
మొత్తం సెట్లో
తారీఖుకి సరిపోయింది అదొక్కటే.

యాక్షన్ అన్నారు. పేల్చారు.
మళ్ళీ, మళ్ళీ, ఆపకండి అన్నారు.
హీరో ఒక్క పిస్తోలుతో ఏడుగుర్ని పడగొట్టాడు
(లెక్కపెట్టడం నా ఉద్యోగం).
జాయిద్ తుపాకి దించాడు.
మడమ నేలకి ఆనించాడు.
కొమ్ములోంచి మందు పోశాడు, గుడ్డముక్క దూర్చాడు,
కడ్డీతో దట్టించడం మొదలుపెట్టాడు,
నిదానంగా,
ముంతలో మజ్జిగ చిలికేవాడిలా.

కట్!
దుమ్ములో ఆ మాట మూడు భాషల్లో వినపడింది.

"ఏమైంది తాతా?"
"నింపుకోవాలి కదా."
"సినిమాకి అక్కర్లేదు."
"దీనికి కావాలి" అని తుపాకిని చూపించాడు.
"నాకు ముప్పై ఊపిర్లు. మా తాతకి ఇరవై ఐదే."

భోజనాల దగ్గర నా పక్కనే కూర్చున్నాడు.
గిన్నెలో కుస్‌కుస్ ఉండ చేస్తూ, నోట పెట్టుకోకుండా,
"మా తాత ఓసారి కొండదారిలో ఒకణ్ణి పేల్చాడు, తప్పింది.
వాడూ పేల్చాడు, తప్పింది.
ఇద్దరూ రాళ్ళ చాటున చేరి నింపుకుంటున్నారు.
పదో ఊపిరికి వాడు దగ్గాడు.
పదిహేనుకి మా తాత అడిగాడు,
ఒరే, నువ్వెవరి కొడుకువి?"
తర్వాత? అన్నాను.
"తర్వాతేముంది. వాడి చెల్లెలే మా నానమ్మ."

నిజమో కాదో నాకు తెలీదు.
తుపాకి వయసు చెప్పగలను గానీ
తాతల మాటకి తనిఖీ లేదు.
ఆ సాయంత్రం పిస్తోళ్ళు ఒక్కోటీ పెట్టెలో పడుకోబెడుతుంటే
ఆరుసార్లు వరసగా పేలే వాటిమీద
ఎందుకో జాలేసింది.
ఎవరి కొడుకువని అడిగే తీరికే లేదు వాటికి.

సినిమా వచ్చింది. టికెట్టు కొనుక్కుని చూశాను.
ఎడమ అంచున, అందరూ పేలుస్తుండగా
ఒక ముసలాడు తలవంచి పెదవులు కదుపుతాడు.
దణ్ణం పెట్టుకుంటున్నాడు అంది పక్క సీటావిడ.

పదకొండు,
పన్నెండు.
అక్కడ కోసేశారు.